ఆత్మహత్య చేసుకున్నవాడి జనాజా



తెనాలి, బాపట్ల, రేపల్లెలకు ప్రసంగాల కోసం వెళ్ళినప్పుడు మమ్మల్ని కొందరు చాటుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌలానా, ఆత్మహత్య చేసుకున్నవాడికి జనాజా నమాజు ఉందా?" ఉంది. ప్రాణం అల్లాహ్ అమానతు. దాన్ని తానే తీసుకోవడం ఘోర పాపం (దివ్య ఖుర్ఆన్ 4:29). అయినా ఆ పాపంతో మనిషి ఇస్లాం నుండి బయటికి పోడు. గుసుల్, కఫన్, నమాజు అతనికీ ఉన్నాయన్నదే హనఫీ ఉలమాల ఫత్వా.

అలాంటి ఒక జనాజాకు దైవప్రవక్త (స) స్వయంగా నమాజు చేయించలేదని సహీహ్ ముస్లింలో ఉంది. అది బ్రతికున్నవారికి హెచ్చరిక. అదే గ్రంథంలో మరో సంఘటన ఉంది. తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) వెంట మదీనాకు హిజ్రత్ చేసిన ఒకాయన రోగబాధ ఓర్వలేక తన చేతులతోనే ప్రాణం తీసుకున్నాడు. తర్వాత తుఫైల్‌కు కలలో కనిపించి, హిజ్రత్ వల్ల అల్లాహ్ తనను క్షమించాడనీ, చేతులు మాత్రం బాగుపడలేదనీ చెప్పాడు. ఆ కల విని దైవప్రవక్త (స) ఆ చేతులనూ క్షమించమని దుఆ చేశారు. మరి మనమో, ఆ ఇంటి గడప తొక్కడానికే జంకుతాం!

అప్పు తీర్చకుండా పోయిన మనిషి జనాజా దగ్గర కూడా దైవప్రవక్త (స) ఆగారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనపై వేసుకున్నాకే నమాజు చేయించారు.

ఆ రెండు బాధలు నేడు తరచు ఒకే ఇంట్లో కలుస్తున్నాయి. మైక్రోఫైనాన్స్ వసూళ్ళ వేధింపులు, ఆత్మహత్యల మీద గగ్గోలు రేగి 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. 2020 డిసెంబరులో హైదరాబాదులో లోన్ యాప్‌ల ఆగడాలు బయటపడ్డాయి. ఫోనులో ఉన్న బంధుమిత్రులందరికీ చెప్పి పరువు తీయడం వారి పద్ధతి. పని కోసం మన పిల్లలు చేరేది ఆ నగరానికే. అప్పు ఒక్కటే కారణమని మేము అనడం లేదు. 2022 ప్రభుత్వ లెక్కల్లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు నమోదైతే, కారణాల్లో కుటుంబ సమస్యలు మొదటివి, తర్వాత జబ్బులు. చనిపోయినవారిలో సుమారు నలుగురిలో ఒకరు రోజుకూలీ.

"ఈమాన్ లేకనే" అని తేల్చేయడం సులువు. హిజ్రత్ చేసినవాడికి ఈమాన్ లేదా? మనోవ్యాధికి మందు వాడడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. బ్రతికి బయటపడినవారిని పోలీసు కేసు భయంతో దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం వారికి శిక్ష కాదు, చికిత్స ఇప్పించమంటోంది.

జకాత్ హక్కుదారుల్లో అప్పులపాలైనవారూ ఉన్నారు (9:60). రమజాన్‌లో వసూలైన దానిలో వారి వాటా ఎంతో మస్జిద్ కమిటీలు ఇప్పుడే నిర్ణయించాలి, పేర్లు బయటపెట్టకుండా ఇవ్వాలి. నమాజు వేళల బోర్డు పక్కనే 14416 అని రాయించండి. అది టెలీ మానస్ నంబరు. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.