లొంగుబాటు ధర్మమా? ఓరుగల్లు పతనం - ఒక నైతిక విచారణ

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. దానితో కాకతీయ రాజ్యం అంతరించింది. ఈ పతనానికి గల కారణాలను నిర్ణయించడం చరిత్రకారుల పని. ముట్టడిలో చిక్కిన నగరాన్ని ఎంతవరకు నిలపాలి, ఎప్పుడు అప్పగించాలి, ఆ నిర్ణయభారం ఎవరు మోయాలి అన్నవి ధర్మవిచారణకు సంబంధించిన ప్రశ్నలు.

గణపతిదేవుడు ప్రారంభించిన రాతికోటను రుద్రమదేవి పూర్తిచేసి, దాని వెలుపల అగడ్తతో కూడిన మట్టికోటను నిర్మింపజేసింది. జంట ప్రాకారాలు రక్షణను పెంచాయి. అయితే రక్షణలో అంతరాన్ని కూడా కల్పించాయి. మట్టికోట పడినా 45 బురుజుల రాతికోట నిలిచే ఉంటుంది. రెండు ప్రాకారాల నడుమ చిక్కినవారికి మాత్రం అప్పటికే ఓటమి సంభవించినట్లే.

1310లో ఈ స్థితి వాస్తవమైంది. మాలిక్ కాఫర్ మట్టికోటను ఆక్రమించి రాతికోటను ముట్టడించాడు. ప్రతాపరుద్రుడు సంధి కోరి, ధనాన్ని, ఏనుగులను, గుర్రాలను సమర్పించి, ఏటేటా కప్పం చెల్లించడానికి అంగీకరించాడు. ఆ సందర్భంలో రాజు తన బంగారు ప్రతిమను మెడలో గొలుసుతో పంపినట్లు అమీర్ ఖుస్రో వర్ణించాడు. విజేత ఆస్థానకవి రచన కనుక ఇందులో అతిశయోక్తికి అవకాశం ఉంది. అయినా ఆ వర్ణన లొంగుబాటు స్వభావాన్ని పట్టి ఇస్తుంది: అవమానాన్ని రాజు స్వీకరించాడు, నగరం మిగిలింది.

ఈ సమర్థనకు రెండు ఆక్షేపణలున్నాయి. కప్పం చివరకు రైతు శ్రమ నుండే రావాలి. కనుక రాజు స్వీకరించిన అవమానపు మూల్యాన్ని ప్రజలే చెల్లించారు. పైగా ఒక సంధి మరొక దండయాత్రను నివారించలేదు. కప్పం కోసం 1318లో ఖుస్రోఖాన్ వచ్చాడు. ఉలుఘ్‌ఖాన్ మొదటి ముట్టడి విఫలమైనా, కొద్ది నెలలలోనే తిరిగివచ్చి 1323లో కోటను సాధించాడు. అయితే మొదటి ఆక్షేపణ భారాన్ని పంచడంలోని అన్యాయాన్ని చూపుతుందే గాని, ప్రాణరక్షణ విలువను కొట్టివేయదు. రెండవది సంధి శాశ్వతం కాదని మాత్రమే నిరూపిస్తుంది. నగరానికి దక్కిన పదమూడేళ్ళు వ్యర్థమని చెప్పడానికి అది చాలదు.

తరువాతి రచనలు వేరొక అంశంపై దృష్టి నిలిపాయి. బందీగా ఢిల్లీకి తరలుతున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో మరణించాడని ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతుంది. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం ఆ మరణాన్ని స్వేచ్ఛామరణంగా సూచిస్తుంది. ప్రతాపచరిత్ర రాజును ఢిల్లీ నుండి క్షేమంగా తిరిగి రప్పిస్తుంది. కథనాలు మారినా వాటి ఆకాంక్ష ఒక్కటే: ఓడిన రాజుకు గౌరవప్రదమైన ముగింపు కల్పించడం. పంట కోల్పోయిన రైతుల దుఃఖాన్ని విలస శాసనం నమోదు చేసింది. కాని ఆ దుఃఖం అక్కడ కొత్త పాలకుని అధికారానికి సమర్థనగా కూడా ఉపయోగపడింది.

వీరధర్మం మరణాన్ని గౌరవించగలదు. పరుల కోసం భరించిన అవమానాన్ని గౌరవించడానికి దానివద్ద భాష లేదు. లొంగుబాటు ధర్మమో కాదో తేల్చడానికి రాజు ఎలా మరణించాడన్నది గీటురాయి కాజాలదు. నిర్ణయించినవాడు దాని భారంలో ఎంత భాగం తానే మోశాడు, ఎంత భాగం నోరులేనివారిపై మోపాడు అన్నదే గీటురాయి. ఈ దృష్టితో చూస్తే 1310 నాటి సంధి పూర్తిగా నిర్దోషం కాదు. కాని కోటలోని ప్రాణాలను రాజగౌరవం కంటె మిన్నగా ఎంచినంత మేరకు అది ధర్మమే. కాకతీయ గాథలను పరిశీలించే సాహిత్య విమర్శ రాజు అంత్యఘడియలతో పాటు ప్రాకారాల నడుమ మిగిలినవారి గతిని కూడా విచారించవలసి ఉంది.