చేతులు మారే ప్రశ్న

1970 నాటి బ్రెజిల్. 1964లో గద్దెనెక్కిన సైన్యం అప్పటికి పత్రికల నోరు నొక్కేసింది. సిల్డో మెయిరెలెస్ అనే ఇరవై రెండేళ్ల కళాకారుడు కోకా-కోలా ఖాళీ సీసాలు తెచ్చి, కంపెనీ రాతకు తేడా తెలియని తెల్ల అక్షరాల్లో అమెరికా పెత్తనాన్ని వెళ్లిపొమ్మనే నినాదం అచ్చువేసి, మళ్లీ వాపసు ఇచ్చేశాడు. ఖాళీ సీసా మీద ఆ రాత సరిగా కనబడదు. ఫ్యాక్టరీలో నల్లటి పానీయం నిండేకొద్దీ పైకి తేలుతుంది. నినాదాన్ని చదివించే పని కంపెనీ చేతే చేయించాడన్నమాట!

ప్రకటనల భాషను ప్రకటనల మీదికే తిప్పినవాళ్లు ఇంకా ఉన్నారు. పత్రికల్లో డిజైనర్‌గా పనిచేసిన బార్బరా క్రూగర్ ఎర్ర పట్టీ మీద తెల్లటి లావు అక్షరాలతోనే మన కొనుగోలు పిచ్చిని నిలదీసింది. గొప్ప పని. అయితే అచ్చం అలాంటి ఎర్ర పట్టీనే లోగోగా పెట్టుకుని సుప్రీం కంపెనీ బట్టలమ్ముకుంటోంది. మార్కెట్ నుంచి తెచ్చుకున్న వేషాన్ని మార్కెట్ మళ్లీ లాగేసుకోగలదు. మెయిరెలెస్ మాత్రం సరుకు నడిచే దారినే పట్టుకున్నాడు. కూల్‌డ్రింక్ తాగి ఖాళీ సీసాను కొట్టు ముందు క్రేటులో పెట్టి వచ్చిన మా తరానికి ఆ దారి బాగా తెలుసు.

నన్ను ఇంకా కదిలించేవి ఆయన నోట్లు. 1975 అక్టోబరులో వ్లదిమీర్ హెర్జాగ్ అనే పాత్రికేయుడు సావో పాలోలో సైనిక నిర్బంధంలో చనిపోతే, ఉరేసుకున్నాడని ప్రకటించారు. హెర్జాగ్‌ని చంపిందెవరని అడిగే రబ్బరు స్టాంపును మెయిరెలెస్ చెలామణీలో ఉన్న నోట్ల మీద గుద్ది వదిలాడు. కరపత్రమైతే భయంతో చించేస్తారు. డబ్బును ఎవరు చించుతారు? చిల్లరలో వచ్చిన నోటు తిప్పి చూసి గుండె ఝల్లుమన్న మనిషి కూడా మర్నాడు దాన్ని ఇంకొకరికి ఇచ్చి తీరాలి. ఎవరైనా నిలదీస్తే, నాకు వచ్చింది, నేనిచ్చాను అనొచ్చు.

ధైర్యం అనగానే మనకు నడివీధిలో నిలబడ్డవాళ్లే గుర్తొస్తారు. జీతం ఆగితే పొయ్యి వెలగనివాళ్ల సంగతేమిటి? వాళ్లకూ నిజం తెలుసు, చెప్పాలనీ ఉంటుంది. వాళ్ల భయాన్ని తప్పుపట్టకుండా, భయపడుతూనే చేయగలిగే ఒక పనిని ఆ నోటు వాళ్ల చేతిలో పెట్టింది. వార్తల కోసం పేపరు తెరిస్తే సబ్బు ప్రకటన ఎదురవుతుంది; మన అవసరం మీద ఎక్కి రావడం ప్రకటనకు అలవాటు. ఈ ప్రశ్నా అలాగే వచ్చింది, అమ్మడానికి ఏమీ లేకుండా.

మెయిరెలెస్ సీసాలు మూడు ఇప్పుడు టేట్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. దాచడం మంచిదే. కానీ అది కళ అని తెలియని చేతుల్లో తిరిగినంత కాలమే ఆ పని బతికి ఉందని నా నమ్మకం. హెర్జాగ్ మరణ ధ్రువపత్రంలో ఉరి అన్న మాట కొట్టేసి, సైనిక నిర్బంధంలో తగిలిన గాయాలవల్ల చనిపోయాడని దిద్దేసరికి 2013 వచ్చింది. పేరూ ఊరూ తెలియని ఎందరో కొట్లలో, బస్సుల్లో చేతులు మార్చిన ప్రశ్నకు ఆ ధ్రువపత్రం మీద జవాబు పడింది అప్పుడే.