పూరేడు పిట్ట, రెండు ఏనుగులు

జంతువుల కథలు పిల్లలకు నీతి నేర్పుతాయంటాం. ఏ నీతి అని మాత్రం అడగం. సింహం రాజు, నక్క మోసగాడు, గాడిద చాకిరీకే పుట్టింది. కథ పుస్తకంలో ఉన్నా, ఫోన్‌లో కార్టూన్‌గా వచ్చినా ఈ అమరిక మారదు. గుణాన్ని జంతువు పుట్టుకకు అతికించడం అలవాటైతే, అదే గుణాన్ని మనిషి కులానికి అతికించడం ఎంతసేపు?

పంచతంత్రంలోని నీలి నక్కనే చూడండి. రంగు తొట్టిలో పడి అడవికి రాజవుతుంది. సాటి నక్కల కూత వినగానే తానూ ఊళ పెట్టి, దొరికిపోయి చస్తుంది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అని పెద్దలు ముక్తాయిస్తారు. మోసం చేయొద్దన్నది పైకి కనిపించే నీతి. నీ చోటు దాటితే చస్తావన్నది లోపలి నీతి. బడిలో ముందు బెంచీకి వచ్చిన మన పిల్లకు ఆ రెండోదే వినిపిస్తుంది.

దీనికి జవాబు కోల్‌కతా ఇండియన్ మ్యూజియంలో రాతి మీద ఉంది. భార్హుత్ స్తూపం ప్రాకారం క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటిది. కన్నింగ్‌హామ్ 1873లో దాన్ని వెలుగులోకి తెచ్చాక శిథిలాలు ఈ నగరానికి చేరాయి. వాటి మీద జాతక కథలు చెక్కి, బ్రాహ్మీ లిపిలో పేర్లు రాశారు. అందులో ఒకటి లటువ జాతకం. ఏనుగుల మందకు నాయకుడైన బోధిసత్వుడు పూరేడు పిల్లలకు తన శరీరాన్నే అడ్డుపెట్టి మందను దాటిస్తాడు. తర్వాత వచ్చిన ఒంటరి ఏనుగు, తల్లి ఎంత వేడుకున్నా వినక పిల్లల్ని తొక్కేస్తుంది. అప్పుడు పిట్ట కాకిని, ఈగను, కప్పను కూడగట్టి దాన్ని కూలుస్తుంది.

ఇక్కడ ఏనుగులు రెండు. జాతి ఒకటే, నడత వేరు. వాటిని వేరు చేసింది పుట్టుక కాదు, చేసిన పని. ధమ్మం చెప్పేదీ అదే.

అలాగని జాతకాలన్నీ ఇలాంటివే కావు. సింహపు పిల్లను కోరిన నక్క కథ ఉంది. లిచ్ఛవి కన్యను ప్రేమించిన మంగలి కొడుకును ఉద్దేశించి చెప్పిన కథ అది. దాన్ని బుద్ధ వచనంగా తలకెత్తుకోవాలా? హేతువుకు, మానవ సంక్షేమానికి నిలిచిందే బుద్ధుడి మాట అని బాబాసాహెబ్ ‘బుద్ధుడు-ఆయన ధమ్మం’లో గీటురాయి ఇచ్చారు. దాని మీద ఆ కథ నిలవదు. మన గ్రంథంలో ఉందని వెనకేసుకొస్తే, మనం వదిలి వచ్చినదాన్నే కొత్త పేరుతో మోసినట్టు.

మరి పూరేడు పగ తీర్చుకోవడం ధమ్మమా? ఎవరితోనూ వైరం వద్దనే బుద్ధుడు ఆ కథ ముగించాడు. లా చదివినవాడిగా నాకు తోచేది ఇది: ఆ పిట్టకు మొర పెట్టుకునే చోటు లేదు. మనకు రాజ్యాంగం ఉంది, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కానీ సాక్షులు నిలబడకపోతే కేసులు వీగిపోతాయి. కాకి, ఈగ, కప్ప కలవడంలోనే బలముంది. పగను వదిలి ఆ కలయికను తీసుకుందాం.

1910లో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి బెంగాలీలో ‘టున్‌టునిర్ బోయి’ తెచ్చారు. అందులో ఓ చిన్న పిట్ట రాజు దురాశను ఊరంతా వినేలా ఎగతాళి చేస్తుంది. దాన్ని నరకబోయిన వేటుకు రాజు ముక్కే తెగుతుంది. పిట్ట పగబట్టలేదు, భయపడనూ లేదు.

కాబట్టి పిల్లలకు కథ చెప్పేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇందులో జంతువు చెడ్డదైంది పుట్టినందుకా, చేసినందుకా? పుట్టినందుకే అయితే ఆ కథ పక్కన పెట్టి ఇంకోటి చెబుదాం.