పులిసిన ద్రాక్షారసం



విదేశాలనుండి బంధువు తెచ్చిన ఎర్ర ద్రాక్షారసం సీసాను మీ పెండ్లి రజతోత్సవానికని బీరువా మీద పదేళ్లు దాచారనుకోండి. ఆనాడు అందరి ఎదుట మూత తీస్తే గుప్పున పులుపు వాసన! ఒకరినొకరు నిందించుకోకండి. ఏళ్లు గడిచేకొద్దీ రుచి పెరిగే రకాలు కొన్నే. తక్కినవి కొద్ది సంవత్సరాలలో త్రాగవలసినవే. పైగా మన ఎండలు! నిలబెట్టిన సీసాలో బిరడా ఎండి గాలి చొరబడితే సూక్ష్మజీవులు దానిని వెనిగర్‌గా మార్చివేస్తాయి.

పారబోయడానికి మనసొప్పక కొందరు దానిని దివ్యపూజకని గురువుగారికి ఇవ్వబోతారు. అది మాత్రం వద్దు. పూజకు వాడే ద్రాక్షారసం ద్రాక్షపండ్లనుండి సహజంగా వచ్చినదై, చెడిపోనిదై ఉండాలని 1983 నాటి శ్రీసభ చట్టం 924వ నిబంధన చెబుతుంది. మన బల్లకు తగనిది పీఠానికి తగునా? మాంసం నానబెట్టడానికి వాడుకోండి, తప్పులేదు.

కానా పెండ్లిలో ద్రాక్షారసం అయిపోయినప్పుడు మరియమాత విందంతా చాటలేదు. కుమారుని చెవిన వేసి, పనివారికి ఒక మాట చెప్పి ఊరుకున్నారు (యోహాను 2). మీరూ సీసాను మెల్లగా లోపలికి తీసుకుపోండి. ఆ బంధువు ఫోనుచేసి అడిగితే, పదేళ్లు అపురూపంగా దాచుకున్నామని చెప్పండి. అది నిజమే కదా!