నాలుగో పాదం

నొప్పి ఎవరికి తెలుసు? తెలుగు పండితుడిగా తునిలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో తగిలింది. కిడ్నీలు పాడయ్యాక డయాలసిస్ మంచం మీద తగులుతోంది.

మన తెలుగువాడే అయిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో మనసును కూడా ఇంద్రియాల్లో చేర్చాడు. రంగును కన్ను పట్టినట్టు సుఖదుఃఖాలను పట్టేది మనసు. అంటే నా బాధ నాకు ప్రత్యక్షం. ఎదుటివాడు ఎంత పెద్ద డాక్టరైనా, నా మొహమూ రిపోర్టూ చూసి ఊహించుకోవలసిందే. అలాగని తార్కికుడు నన్నూ వదలడు. బాధ ఉందన్నదే నాకు ప్రత్యక్షం. ఎందుకొచ్చిందన్నది నాకూ ఊహే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి నీళ్లే కారణమని చాలామంది నమ్ముతారు. కావచ్చు, కాకపోవచ్చు. రోగి అన్నంత మాత్రాన నిజమైపోదు.

ఈ పంపకం నాకు న్యాయంగానే ఉంది. కారణం తేల్చడం పరీక్షల పని. ఏ బాధను ముందు పట్టించుకోవాలో మాత్రం, పడేవాణ్ణి అడగకుండా తేలదు.

అడిగిన చోట ఏం జరిగిందో చూడండి. ఆస్ట్రేలియాలో ఎలిసన్ టాంగ్, ఆమె సహచరులు 2014లో ‘సాంగ్’ అనే ప్రయత్నం మొదలుపెట్టారు. కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్లు వేటిని కొలవాలో రోగుల్నీ, ఇంట్లోవాళ్లనీ, డాక్టర్లనీ కలిపి అడిగారు. డాక్టర్లు మరణాలకీ, ఆస్పత్రిలో చేరడాలకీ ఎక్కువ మార్కులు వేశారు. రోగులేమో డయాలసిస్ అయ్యాక వచ్చే నీరసం, ప్రయాణం చేయగలగడం, మిషన్‌ గొడవ లేకుండా గడిపే సమయం ముఖ్యమన్నారు. చివరికి ప్రతి హీమోడయాలసిస్ పరిశోధనా కొలవాలని తేల్చిన నాలుగింటిలో గుండె జబ్బు, డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా వంటి రక్తనాళ మార్గాల ఇబ్బందులు, మరణాలతో పాటు నీరసానికీ చోటు దక్కింది.

నాకైతే ఇది చిన్న విషయం కాదు. మిషన్ మీంచి దిగిన రోజు తాండవ వంతెన దాటి పాయకరావుపేట కూడా వెళ్లలేను. లోవలో తలుపులమ్మ తల్లి కొండ సంగతి చెప్పనే అక్కర్లేదు. నా రిపోర్టులో ఆ ముక్క ఉండదు. యూరియా, క్రియాటినిన్ చూసి ‘బాగానే ఉన్నారు మాస్టారూ’ అంటారు. పక్క మంచం ఆవిడది కోటనందూరు. ఆవిడకీ ఆ మాటే చెబితే, ‘బాగుంటే అన్నం గిన్నె దించలేకపోతున్నానేం బాబూ?’ అంది. ఆ ప్రశ్న రాసుకున్నవాళ్లు లేరు.

చరకుడైతే రాసుకునేవాడేమో. చికిత్సకు నాలుగు పాదాలన్నాడాయన: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. అందులో వైద్యుడే ప్రధానమన్నాడు, కాదనను. అయితే రోగికీ గుణాలు చెప్పాడు: జ్ఞాపకశక్తి, చెప్పినట్టు వినడం, భయపడకపోవడం, తన జబ్బును వివరంగా చెప్పగలగడం. మన ఆస్పత్రులు రెండోదాన్ని మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాయి.

ఇదంతా ప్రారబ్ధం, అనుభవించాలి గాని చర్చ దేనికి అనే బంధువులు నాకున్నారు. అనుభవించేవాడు ఆ అనుభవం గురించి నోరెత్తకూడదని ఏ శాస్త్రంలో ఉందో వాళ్లింతవరకు చూపించలేదు.

పరిశోధనకు ఒళ్లు అప్పగించడం దానం అంటారు ఇంకొందరు. దానానికి దాత ఉండాలి కదా! మా పక్కనున్న అన్నవరంలో వ్రతానికి కూర్చుంటే, గోత్రనామాలు చెప్పించి ఎవరి సంకల్పం వాళ్లచేతే చేయిస్తారు. 2009లో ఖమ్మం జిల్లాలో అలా జరగలేదు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఒక అధ్యయనంలో భాగంగా 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయించాయి. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. తర్వాత విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. ఆ పిల్లల తరఫున సంకల్పం ఎవరు చెప్పారన్నదే నా గొడవ.

2019 నాటి కొత్త నిబంధనల ప్రకారం, మందుల ప్రయోగాలకు అనుమతిచ్చే నైతిక కమిటీలో కనీసం ఏడుగురుండాలి, వాళ్లలో ఒక సామాన్యుడుండాలి. మంచిదే. ఆ ఒక్కడు రోగే కానక్కర్లేదు. పైగా కాగితం ఆ కమిటీ ముందుకొచ్చేసరికే ప్రశ్న ఖాయమైపోయి ఉంటుంది. రోగి కూర్చోవలసింది అంతకు ముందు.

ఉద్దానం రోగుల కోసం 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడి పెద్దలకు ఒక మనవి. ఏం పరిశోధించాలో అనుకునే రోజున కవిటి నుంచి ఒక తోట కూలీని, సోంపేట నుంచి ఒక రోగి భార్యని పిలిచి మీతో కూర్చోబెట్టుకోండి. డయాలసిస్ లేని రోజు చూసి పిలవండి. రానుపోను ఛార్జీలూ, ఆ రోజు కూలీ వాళ్ల చేతిలో పెట్టండి.