రెండు తూకపు రాళ్లు

గత నెల ఒక ఆదివారం దివ్యపూజాబలి ముగిసిన తరువాత ఒక తల్లి వచ్చి నన్ను అడిగింది. "ఫాదర్, రెండు వందల యూనిట్ల దాకా సర్కారు కరెంటు మాఫీ చేసింది గదా. మరి మేము నెలకు తొమ్మిది వందలు ఎందుకు కడుతున్నం?"

ఆమె భర్త ఓపెన్ కాస్టులో కాంట్రాక్టు కార్మికుడు. రామకృష్ణాపూర్‌లో ఒక పోర్షన్‌లో అద్దెకుంటారు. ఒక ఫ్యాను, రెండు బల్బులు, టీవీ, ఈ మధ్య కొన్న చిన్న ఫ్రిజ్. నేను జవాబు చెప్పలేకపోయాను. సెమినరీలో న్యాయమైన ధరను గురించి పరీక్ష రాసినవాణ్ణే గాని, కరెంటు బిల్లును పూర్తిగా చదివింది ఆ రోజే.

బిల్లు పెరిగిందనగానే మన వేలు కంపెనీల వైపు చూపిస్తుంది. అది తప్పని నేననను. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ఐరోపాలో పేదలు చలికి వణికిన ఏడాదే షెల్ కంపెనీ దాదాపు 4,000 కోట్ల డాలర్ల లాభం గడించింది. ఆ సంవత్సరమే బ్రిటన్ ప్రభుత్వం అటువంటి లాభాల మీద ప్రత్యేక పన్ను వేసింది. మన దేశంలో 2022 మార్చిలో విద్యుత్ ఎక్స్ఛేంజిలో యూనిట్ ధర 20 రూపాయలకు చేరితే, ఏప్రిల్‌లో కేంద్ర నియంత్రణ మండలి 12 రూపాయల హద్దు గీసింది. ఇక 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపును వ్యతిరేకించినందుకు హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులలో ముగ్గురు చనిపోయారు. ఆ సంగతి తెలియని పెద్దవాళ్లు మనలో లేరు.

అయితే మన బొగ్గుబావుల ప్రాంతంలో లాభం తీసుకునేవాడు వేరు, బిల్లు కట్టేవాడు వేరు అని గీత గీయడం కష్టం. సింగరేణిలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఇక్కడ తవ్విన బొగ్గే జైపూర్‌లోను, రామగుండంలోను కరెంటు అవుతుంది. 2023-24 సంవత్సరానికి ప్రకటించిన లాభం 4,701 కోట్లు. విస్తరణకు తీసి ఉంచింది పోగా మిగిలినదానిలో 33 శాతం, అంటే 796 కోట్లు, పర్మినెంటు కార్మికులకు పంచారు. ఒక్కొక్కరికి సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా తలా ఐదు వేలు ఇచ్చారు. లాభాల వాటా వచ్చిన నెలలో మన కానుకల పెట్టె కూడా బరువెక్కుతుంది. ఆ డబ్బు చెమటోడ్చి సంపాదించినదే, సందేహం లేదు. అదే దుమ్ము పీల్చిన మరొకరి చెమటకు ఐదు వేలు ఎట్లా సరిపోయిందో నాకింకా అర్థం కాలేదు.

ఆ తల్లి ఉండే ఇంటి యజమాని కూడా మన విచారణవారే. రిటైరైన కార్మికుడు, మంచివాడు. ఆయన దగ్గరకు వెళ్లి బిల్లు చూపించమన్నాను. మీటరు ఒక్కటి, కుటుంబాలు మూడు. ఒక్కొక్కరు నెలకు సుమారు 90 యూనిట్లు వాడతారు, మొత్తం 270. 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం వాడకం రెండు వందలు దాటితే మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, ఆపైన 7 రూపాయల 70 పైసలు. స్థిర ఛార్జీలూ సుంకమూ కలుపుకుంటే దాదాపు 1,700. అద్దెవారిద్దరి దగ్గర ఆయన యూనిట్‌కు పది చొప్పున తీసుకుంటున్నది 1,800. అంటే ఆయన ఇంట్లో దీపం వెలిగేది వాళ్ల డబ్బుతో.

ఆయన కోపగించుకోలేదు. "ఫాదర్, మీటరు నాది, వైరింగు నాది, మోటరు నాది. వాళ్లు లేకపోతే నా బిల్లు మూడు వందలు దాటదు. ఇష్టమైతేనే ఉంటున్నరు గదా, బలవంతం ఏమున్నది?"

ఆ మాటలో కొంత న్యాయం ఉంది, కొట్టిపారేయకూడదు. పునీత తోమాసు అక్వినాసు న్యాయమైన ధరను గురించి ఆలోచిస్తూ, అమ్మేవాడికి నిజంగా కలిగే నష్టాన్ని ధరలో కలుపుకోవచ్చునన్నారు. కాని కొనేవాడి అవసరం ఎక్కువగా ఉన్నదని ధర పెంచకూడదు, ఎందుకంటే ఆ అవసరం అమ్మేవాడి సొత్తు కాదు. ఈ కొలతతో చూస్తే అద్దెవారి వల్ల యజమానికి పెరిగిన భారం 1,400. ఇద్దరికి పంచితే తలా 700. మిగిలిన రెండు వందలు ఏ నష్టానికి? ఇష్టపడి ఒప్పుకున్నారన్న మాటకు 1891లోనే 13వ సింహరాయ పోపుగారు తమ విశ్వలేఖలో జవాబు చెప్పారు. వేరే దారి లేక తలవంచి ఒప్పుకున్నది స్వేచ్ఛగా ఒప్పుకున్నట్టు కాదని. ఆయన కూలి గురించి చెప్పినది అద్దెకు, కరెంటుకు కూడా వర్తించదా?

ఆ ఏడు వందలైనా ఎందుకు పుట్టింది? మూడు ఇళ్లకు ఒకే మీటరు ఉన్నందువల్ల. వేరు మీటర్లుంటే తెల్లకార్డు ఉన్న అద్దెవారికి గృహజ్యోతి కింద బిల్లే ఉండదు, యజమానికి మూడు వందలే. మరి ఎందుకు పెట్టించరు అని అడిగాను. ఆయన కాసేపు నేల చూసి, "మీటరు వాళ్ల పేరున ఉంటే రేపు ఇల్లు మాదేనంటే?" అన్నాడు. అద్దెవారి పేరున బిల్లు వచ్చినంత మాత్రాన ఇల్లు వాళ్లదైపోదని చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. మన కాలనీల్లో ఈ భయం ఈయన ఒక్కడిదే కాదు.

సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు తూకపు రాళ్లు ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము హెచ్చరిస్తుంది. కంపెనీ రేటు పెంచితే ఒక రాయితో, మన అద్దెగదికి మనమే రేటు పెడితే మరొక రాయితో తూస్తున్నామని ఆయనతో అందామనుకొని ఆగిపోయాను. నాకొక సంగతి గుర్తుకొచ్చింది. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక విచారణలో ఆవరణలోని రెండు గదులు అద్దెకిచ్చేవాళ్లం. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు అని నా ముందు ఎవరో పెట్టిన రేటు. నాలుగేళ్లు అదే తీసుకున్నాను. అసలు బిల్లు ఎంత వస్తుందో ఒక్కసారీ చూడలేదు.

పాత రసీదు పుస్తకాలు తెప్పించి లెక్క కట్టాను. ఆ రెండు కుటుంబాలలో ఒకటి ఇప్పుడు గోదావరిఖనిలో ఉన్నదట. వచ్చే మంగళవారం వెళ్తున్నాను. యజమానిగారు కూడా వస్తానన్నారు, ఎందుకో చెప్పలేదు.