జ్ఞాపకం సాక్షి మాత్రమే

మొన్న ఆదివారం మా అక్క కొడుకు మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి వచ్చాడు. వాడికి పన్నెండేళ్లు. ఫోన్‌లో ఆటలన్నీ అయిపోయి విసుక్కుంటుంటే నా పాత లాప్‌టాప్‌లో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' తెరిచి ఇచ్చాను. 2003 నాటి త్రీడీ ఆట కాదు, అసలుది. జోర్డన్ మెక్‌నర్ ఏళ్ల తరబడి కూర్చుని ఆపిల్ టూ కంప్యూటర్ కోసం రాస్తే 1989లో వచ్చింది. మనలో చాలామందికి అది ఆ తర్వాత వచ్చిన డాస్ రూపంలోనే తెలుసు.

ఐదు నిమిషాల్లో వాడు నాలుగుసార్లు చచ్చాడు. ఒకసారి ఊడిపోయే పలకతో పాటు కిందకి పోయాడు. రెండుసార్లు అంచు అంచనా తప్పి గోతిలో పడ్డాడు. నాలుగోసారి కత్తి లేకుండా కాపలావాడి ఎదురుగా నిలబడ్డాడు.

"మామయ్యా, చచ్చిపోయినా టైమ్ ఆగట్లేదు. ఇది బగ్గా?"

"కాదురా. అదే ఆట."

రాకుమారికి మంత్రి జాఫర్ పెట్టిన గడువు ఒక గంట. మనకి ఉన్నదీ ఆ అరవై నిమిషాలే. ఎన్నిసార్లు చచ్చినా లెవెల్ మొదట్నుంచి మళ్లీ బతికిస్తుంది గానీ, పోయిన నిమిషాలు తిరిగి ఇవ్వదు. ఇదంతా చెప్తే వాడు నా వైపు జాలిగా చూసి, "దీన్ని మీరు చివరిదాకా ఆడారా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను ఇంతకుముందు ఇంకొకరు అడిగారు. అప్పుడు అబద్ధం చెప్పాను.

1999లో ఇంటర్ అయ్యాక వేసవి సెలవుల్లో మా నాన్న నన్ను తెనాలిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. డాస్, లోటస్, కొంచెం సీ. క్లాసు అయ్యాక ప్రాక్టీసుకి గంట టైమ్. ఆ గంటలో మేం ప్రాక్టీసు చేసింది ప్రిన్సే. ఆటలో రాకుమారికి ఒక గంట, బయట మాకు ఒక గంట. తర్వాతి బ్యాచ్ వాడు వెనకాల నిలబడి కుర్చీ ఊపుతుండేవాడు. అందుకని అందరికీ ఒక మంత్రం తెలుసు. డాస్‌లో ప్రిన్స్ అని కొట్టి, ఖాళీ వదిలి, మెగాహిట్ అని కొట్టాలి. ఇక షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే లెవెల్ దాటేస్తుంది. నేను రాకుమారిని చాలాసార్లు కాపాడాను. ఒక్కసారి కూడా నడిచి వెళ్లి కాపాడలేదు. ఆ ఫ్లాపీని మాలో ఎవరూ కొనలేదు కూడా.

తర్వాత 2003లో యూబీసాఫ్ట్ 'శాండ్స్ ఆఫ్ టైమ్' తెచ్చింది. అందులో చేతిలో ఒక బాకు ఉంటుంది, దాంతో కాలాన్ని కాస్త వెనక్కి తిప్పుకోవచ్చు. పడిపోతే, పడకముందుకి పోవచ్చు. హాస్టల్లో రూమ్మేట్ కంప్యూటర్‌లో సగం దాకా ఆడాను. సెమిస్టర్ పరీక్షలొచ్చాయి, ఆగిపోయాను.

2020 సెప్టెంబర్‌లో ఆ ఆటకి రీమేక్ ప్రకటించారు. చేస్తున్నది యూబీసాఫ్ట్ పుణె, ముంబై స్టూడియోలు. అంత పేరున్న ఆటను మన దేశంలోని స్టూడియోలు ముందుండి చేయడం చిన్న విషయం కాదు. ట్రైలర్ రాగానే ఆటగాళ్లు విరుచుకుపడ్డారు. మొహాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయన్నారు, వెలుతురు చదునుగా ఉందన్నారు, ఇది ఈ కాలపు ఆటలా లేదన్నారు. అందులో చాలావరకు కళ్లతో చూసి చెప్పిన మాటే. కానీ దాని పక్కనే ఇంకో మాట నడిచింది: ఇండియాలో చేయిస్తున్నారు కాబట్టి ఇలాగే ఉంటుంది అని.

నేనూ అన్నాను. మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో, "మన చిన్నతనాన్ని తీసుకెళ్లి చవగ్గా వస్తుందని మనవాళ్ల చేతికే ఇచ్చారు, ఇంకేముంది" అని రాశాను. పడీపడీ నవ్వే బొమ్మలు చాలానే వచ్చాయి. సంతోషపడ్డాను.

అప్పట్లో అందరం ఇంటి నుంచే పని. సాయంత్రాలు అపార్ట్‌మెంట్ మేడ మీద నడిచేవాళ్లం. అక్కడ్నుంచి మెట్రో రైళ్లు మియాపూర్ స్టేషన్‌కి ఖాళీగా వచ్చి పోవడం కనిపించేది. మా పై ఫ్లోర్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. మాదాపూర్ వైపు ఏదో స్టూడియోలో త్రీడీ ఆర్టిస్ట్. బయటి దేశాల ఆటలకి గోడలు, తలుపులు, దీపాలు చేసిపెట్టే పని. ఆ ట్రైలర్ సంగతి వాడితో ఎత్తాను, గ్రూపులో వేసిన జోకు కూడా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

వాడు నవ్వలేదు. కోపమూ పడలేదు. "అన్నా, నేను ఒకసారి పాత ఆటలో ఒక తలుపు మళ్లీ చేశాను. పాత బొమ్మలో అది గోధుమరంగు చుక్కలు కొన్ని, అంతే. చెక్కా, తుప్పు పట్టిన ఇనుమా? ఎవరికి తెలుసు? నేను చెక్క అనుకున్నా. ఇనుమని గుర్తుపెట్టుకున్నవాడు ఎక్కడో ఉంటాడు. వాడి చిన్నతనం నేను పాడుచేసినట్టే కదా మరి?" అన్నాడు. కాసేపాగి, "మీరు శాండ్స్ ఆఫ్ టైమ్ పూర్తి చేశారా?" అని అడిగాడు.

"ఆఁ, ఎప్పుడో" అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో అప్పుడు ఆలోచించలేదు. తర్వాత తెలిసింది. సగమే ఆడానంటే, ఆ ట్రైలర్ మీద తీర్పు చెప్పే హక్కు నా చేతిలోంచి జారిపోతుందని భయం. మరి ఆ హక్కు అసలు ఎక్కణ్నుంచి వచ్చింది? కొన్నానా, లేదు. ఆడి గెలిచానా, లేదు. నా దగ్గరున్నది ఒక జ్ఞాపకం. అదీ తలుపు లాంటిదే. ఆట ఇచ్చింది కొన్ని చుక్కలు, మిగతాది నేను గీసుకున్నాను. రీమేక్ వచ్చినప్పుడు నేను పోల్చింది పాత ఆటతో కాదు, నేను గీసుకున్న బొమ్మతో. దానితో ఎవరు పోటీ పడగలరు?

అయితే జ్ఞాపకం పనికిరానిదా? అంత తేలిగ్గా కొట్టెయ్యలేం. 2017లో 'క్రాష్ బ్యాండికూట్' మొదటి మూడు ఆటలనీ వికేరియస్ విజన్స్ అనే స్టూడియో మళ్లీ కట్టింది. బొమ్మలు బ్రహ్మాండంగా వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. కానీ పాత ఆటగాళ్లు ఒక మాట పట్టుకున్నారు: మొదటి ఆటలో దూకుడు తేడాగా ఉంది, అంచు మీద కాలు పెడితే జారిపోతున్నాం. కొత్తవాళ్లు నవ్వారు, ముసలాళ్ల చేతులు మొద్దుబారాయన్నారు. చివరికి స్టూడియోనే ఒప్పుకుంది. మూడింటికీ మూడో ఆట కదలికనే ఆధారంగా తీసుకున్నామనీ, అందుకే మొదటి ఆటలో దూకడం కాస్త తేడాగా ఉంటుందనీ చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ బొటనవేళ్లు సరిగ్గానే గుర్తుపెట్టుకున్నాయి.

ఇక్కడే నాకు సినిమాకీ ఆటకీ తేడా కనిపిస్తుంది. 1957 నాటి 'మాయాబజార్'కి మన హైదరాబాద్‌లోనే రంగులు వేసి 2010లో విడుదల చేశారు. రంగులు నచ్చినవాళ్లున్నారు, నలుపు తెలుపే ప్రాణం అన్నవాళ్లున్నారు. కానీ రంగు వేసినా ఎస్వీ రంగారావు నవ్వు అదే నవ్వు, నడక అదే నడక. ఆటలో అలా కాదు. అక్కడ నటించేది మన చెయ్యే. గోడ రంగు మారిస్తే కన్ను సర్దుకుంటుంది. దూకే దూరం వెంట్రుకవాసి మారిస్తే చెయ్యి గోతిలో పడుతుంది. అసలు ప్రిన్స్‌కే 2007లో ఒక రీమేక్ వచ్చింది. బొమ్మలన్నీ మార్చారు, కొత్త విన్యాసాలు కలిపారు, గదుల అమరిక మాత్రం పాతదే ఉంచారు. అది ఆడితే దారి నాకు చేతుల్లోనే గుర్తొచ్చింది, కనీసం షిఫ్ట్, ఎల్ నొక్కకుండా నడిచిన లెవెళ్లలో.

కాబట్టి నేను చేరుకున్న చోటు ఇది. ఆటగాడి జ్ఞాపకానికి సాక్షి హక్కు ఉంది, సొంతదారు హక్కు లేదు. "నేను ఇక్కడ దూకేవాణ్ని, ఇప్పుడు ఇక్కడ పడుతున్నాను" అనేది సాక్ష్యం. దాన్ని చేసేవాళ్లు తలొంచుకుని వినాలి. "నా చిన్నతనం ఇది కాదు" అనేది ఫిర్యాదులా వినిపిస్తుంది గానీ, దానికి జవాబు చెప్పగలిగినవాడు ఏ స్టూడియోలోనూ లేడు. ఇక "వాళ్లు చేస్తే ఇలాగే ఉంటుంది" అనేది సాక్ష్యమూ కాదు, ఫిర్యాదూ కాదు. అక్కడ మాట్లాడుతున్నది ఆట గురించే కాదు.

డబ్బు పెట్టి కొనేవాడికి నచ్చలేదనే హక్కు లేదా అంటారు. ఉంది. మైనపు మొహాన్ని మైనపు మొహమనే అనాలి. పుణెలో చేశారు కాబట్టి మెచ్చుకోవాలనడం కూడా ఇంకో రకం చులకనే. కానీ మొహం బాలేదని చెప్పడానికి ఆ మొహం చెక్కినవాడి ఊరు అక్కర్లేదు.

ఇది నాకు తెలియాల్సినంత ఇంకెవరికీ తెలియనక్కర్లేదు. నేను హైటెక్ సిటీలో చేసే ఉద్యోగం ఏమిటి? ఎప్పుడో అమెరికాలో ఎవరో కోబాల్‌లో రాసిన ఇన్సూరెన్స్ ప్రోగ్రాముల్ని కొత్త భాషలోకి మార్చడం. మా మాటల్లో మైగ్రేషన్. అదీ రీమేకే. రాసినవాళ్లు రిటైరయ్యారు, కాగితాలు దొరకవు. ఒక లెక్క ఎందుకలా ఉందో చుక్కల్ని చూసి తలుపుని ఊహించినట్టు ఊహించాలి. ఎక్కడో ఒక పైసా తేడా వస్తే, కాల్‌లో అవతలి గొంతు "ఆఫ్‌షోర్ టీమ్ కదా" అంటుంది. ఆ మాట విన్న రోజు అన్నం సయించదు. అదే మాటని వాట్సాప్‌లో నవ్వే బొమ్మ కోసం నేనే వాడాను. తప్పు చూపించినవాడి మీద నాకు కోపం లేదు. తప్పుకి నా ఊరిని కారణంగా చూపించినవాడి మీద ఉంది.

అసలు ప్రిన్స్‌లో ఒక నీడ ఉంటుంది. ఆపిల్ టూలో ఇంకో మనిషిని గీయడానికి మెమొరీ మిగల్లేదు, అందుకని మెక్‌నర్ రాకుమారుడి బొమ్మల్నే చిన్న లెక్కతో మార్చి ఆ నీడని పుట్టించాడు. అద్దంలోంచి దూకి బయటికొస్తుంది. మన మందు తాగేస్తుంది, మన ముందు తలుపు మూసేస్తుంది. చివర్లో కత్తి దూసి ఎదురుగా నిలబడుతుంది. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది. గెలవాలంటే కత్తి ఒరలో పెట్టి దాని వైపు నడవాలి. అప్పుడది మనలో కలిసిపోతుంది. ఆ తర్వాత దారిలో నేల లేని చోట అడుగు వేస్తే కాలి కింద పలకలు వచ్చి చేరతాయి.

ఆ చోటుని నేను ఎన్నోసార్లు దాటేశాను, షిఫ్ట్, ఎల్ నొక్కి. అక్కడేం చేయాలో నాకు తెలిసింది ముప్ఫై దాటాక, చదివి.

ఆ రీమేక్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2021 జనవరిలో రావాల్సింది వాయిదా పడింది, ఆ ఫిబ్రవరిలో తేదీ లేకుండా మళ్లీ వాయిదా పడింది. 2022 మేలో పనిని మాంట్రియల్ స్టూడియోకి ఇచ్చారు. 2026 జనవరిలో మొత్తానికే రద్దు చేశామన్నారు. పుణెది బాగుండేదా, మాంట్రియల్‌ది బాగుండేదా, ఇక ఎవరూ చెప్పలేరు. ఎవరూ దూకి చూడని ఆట మీద అందరం తీర్పు చెప్పేశాం. మన సాక్ష్యం అందులో ఒక్క దూకుడు గురించి కూడా లేదు.

రద్దు వార్త వచ్చిన వారం లిఫ్ట్‌లో ఆ కుర్రాడు కనిపించాడు. గుర్తుందో లేదో అనుకుంటూనే చెప్పాను. "తమ్ముడూ, అప్పట్లో పూర్తి చేశానన్నాను కదా. సగమే ఆడాను. ఆ గ్రూపులో రాసిన మాట కూడా రాయకుండా ఉండాల్సింది."

వాడు ఫోన్‌లోంచి తలెత్తి, "తెలుసన్నా. ఆ ఆట క్లైమాక్స్ మీరు ఒక్క ముక్క కూడా ఎత్తలేదుగా అప్పుడు" అన్నాడు. ఐదో ఫ్లోర్ వచ్చింది. దిగిపోయాడు.

ఇక మా మేనల్లుడు. వాడి ప్రశ్నకి ఈసారి నిజమే చెప్పాను. "లేదురా, మేం మోసం చేసేవాళ్లం" అని. ఎలాగో చెప్పమన్నాడు. చెప్పాను, అది వాడి హక్కు. వాడు కాసేపు కీబోర్డు వైపు చూసి, "ముందు ఒకసారి మామూలుగా ఆడతా" అని మొదట్నుంచి మొదలుపెట్టాడు. ఊడిపోయే పలక మీద ఈసారి ఆగలేదు. సాయంత్రం మా అక్క వచ్చి తీసుకెళ్లేసరికి రెండో లెవెల్లో ఉన్నాడు, గడియారంలో ముప్ఫైనాలుగు నిమిషాలు మిగిలాయి. మూడో లెవెల్‌కి చేరేదాకా సేవ్ లేదు. మళ్లీ వస్తే మొదట్నుంచే ఆడాలి.